రెండో మెట్టు లైసెన్సు

నూనె కాగిందో లేదో చూడడానికి మెరియానా చిటికెడు పిండి మూకుట్లో వేసింది. అది బుస్సుమని పైకి లేచింది. రాత్రి పులియబెట్టిన పిండిని ముక్కలుగా కోసి ఒక్కొక్కటే నూనెలోకి జారవిడుస్తూ కిటికీలోంచి వాకిట్లోకి చూసింది. కూతురు అనహేరా బండి చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది. టైర్లు నొక్కి చూసింది, అద్దాలు తుడిచింది. వెనక్కి వెళ్లి వంగి, లైట్ల మీద ఎండిన బురదను గోటితో గీకింది.

"నీ కూతురు బండిని పెళ్లికొడుకులా ముస్తాబు చేస్తోంది," అన్నాడు రావిరి, బల్ల దగ్గర ఎడమచేత్తో టీ తాగుతూ. అతని కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా కట్టులో ఉంది. పోయినవారం అడవిలో దుంగలు కట్టే గొలుసు జారి మీద పడి చెయ్యి విరిగింది. "ఇరవయ్యేళ్ల నుంచి నడుపుతున్నాను. ఒక్కనాడూ ఆ అద్దం తుడిచిన పాపాన పోలేదు."

"అదేదో గొప్పలా చెప్పుకుంటావేం?" అంది మెరియానా, వేడి రొట్టె అతని పళ్లెంలో వేస్తూ.

రావిరి నవ్వాడు. కూతుర్ని వెక్కిరిస్తాడే గానీ, నెల కిందట ఆ పిల్ల గిస్బోర్న్ పట్నం వెళ్లి పరీక్ష నెగ్గి వచ్చిన రోజు ఆ కార్డు తీసుకుని రేవులో ఉన్న ప్రతి పడవ దగ్గరికీ వెళ్లి చూపించింది ఆయనే. "మా ఇంట్లో కాగితం ఉండి బండి నడిపే మొదటి మనిషి" అని చెప్పుకున్నాడు. అది నిజమే. వాళ్ల ఊరు టోకోమారు నుంచి పైకి వెళ్తే ఆ తీరం పొడవునా నడిపేవాళ్లు అందరూ, లైసెన్సు ఉన్నవాళ్లు కొందరు. పరీక్ష పెట్టేది గిస్బోర్న్‌లో, అంటే గంటకు పైగా ప్రయాణం. 'పరీక్షకి వెళ్లాలన్నా బండి నడుపుకునే కదా పోవాలి' అని అక్కడో పాత హాస్యం.

రావిరి పందొమ్మిదేళ్లప్పుడు మొదటి మెట్టు లైసెన్సు తీసుకున్నాడు. నేర్చుకునేవాళ్లకిచ్చేది అది. బండికి తగిలించిన పసుపు ఎల్ బోర్డు ఎండకి వెలిసి, వానకి ఊడిపోయింది. ఆ లైసెన్సూ గడువు తీరి చచ్చిపోయింది. రెండో మెట్టు జోలికే పోలేదు. దుంగల లారీ నడపమని అడవి మేస్త్రీ ఏటా అడుగుతాడు. లారీ నడపాలంటే ముందు కారుకి మూడో మెట్టు, అంటే ఫుల్ లైసెన్సు కావాలి. ఆపైన రెండో తరగతి, నాలుగో తరగతి, ఆఖరికి పెద్ద లారీల అయిదో తరగతి. "అన్ని మెట్లు ఎవడెక్కుతాడు, నాకు అడవే హాయి" అనేవాడు రావిరి. అసలు సంగతి మెరియానాకి తెలుసు. పదమూడేళ్లకే బడి మానేసిన మనిషి. అక్షరాలు ఆయన కళ్లముందు చీమల్లా పాకుతాయి. పరీక్ష గది తలుపు చూస్తేనే ఒళ్లంతా చెమటలు పడతాయి.

అనహేరా లోపలికొచ్చి చేతులు కడుక్కుంది. పదిహేడేళ్ల పిల్ల, తండ్రి పొడుగు, తల్లి నెమ్మది. "నాన్నా, చావుకి హూరియా మామ్మ మనతో వస్తోందా?"

"మా అత్తా? ఆవిడ చచ్చినా రాదు. హామి బాబాయితో మాట మానేసి ముప్ఫయ్యేళ్లయింది. సొంత తమ్ముడు బతికుండగా గడప తొక్కలేదు, ఇప్పుడు మట్టి వెయ్యడానికొస్తుందా?"

అనహేరా తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడింది. "మరి మనం ఎలా వెళ్తాం?"

"ఎలా ఏమిటే? నువ్వు నడుపుతావు, మేం కూర్చుంటాం. మధ్యాహ్నం లోపల బాబాయి ఊరు టికిటికి చేరకపోతే ఆయన్ని చూడకుండానే పూడ్చేస్తారు."

వీధిలో చుట్టాలంతా నిన్నే వెళ్లిపోయారు. రావిరి కట్టు మార్పించుకోవడానికి ఆస్పత్రికి వెళ్లాల్సిరావడంతో వీళ్ల ప్రయాణం ఇవాళ్టికి పడింది. మెరియానాకి డ్రైవింగ్ రాదు. రావిరికి చెయ్యి లేదు. బండి నడపగలిగింది ఇక ఒక్కతే.

"నేను మిమ్మల్ని ఎక్కించుకోకూడదు నాన్నా," అంది అనహేరా మెల్లగా. "నాది రెండో మెట్టు. ఒక్కదాన్నే నడుపుకోవచ్చు, రాత్రి పది దాటితే అదీ కూడదు. ఇంకెవరైనా ఎక్కాలంటే రెండేళ్లకి పైగా ఫుల్ లైసెన్సు ఉన్నవాళ్లు నా పక్కన ఉండాలి."

"ఎవరైనా అంటే ఎవరు? అమ్మానాన్నా కూడానా?"

"అమ్మానాన్నా కూడా."

రావిరి కప్పు కింద పెట్టాడు. "నీ పక్కన నేను కూర్చుంటాగా! నువ్వు పుట్టకముందు నుంచీ ఈ రోడ్డు మీద తిరుగుతున్నవాణ్ణి. ఏ మలుపులో ఎక్కడ కొండచరియ జారుతుందో కళ్లు మూసుకుని చెప్తాను."

"రోడ్డు నీకు తెలుసు నాన్నా. కానీ లైసెన్సు ఏదీ?"

మెరియానా చేతిలో గరిటె ఆగిపోయింది. మూకుట్లో రొట్టె మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు. రావిరి మొహం మొదట ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"ఓహో," అన్నాడు. "ఒక కార్డుముక్క చేతికి రాగానే నాన్న చేతకానివాడైపోయాడా? మన రక్తం చచ్చి పడుకునుంటే నువ్వు నాకు రూల్సు చదువుతున్నావా? తాళం ఇలా ఇయ్యి. ఒంటిచేత్తో నడుపుతాను."

"నాన్నా, గేరు ఎలా మారుస్తావు?"

"మీ అమ్మ మారుస్తుంది! మీరందరూ కలిసి నన్ను మోసుకుపోనక్కర్లేదు."

"అలా అయితే ఆ బండి నేనెక్కను. అమ్మని ఎక్కనివ్వను," అంది అనహేరా. తాళం గుప్పిట్లో బిగించింది. "నన్ను కొట్టు, తిట్టు. తాళం మాత్రం ఇవ్వను."

ఆ ఇంట్లో రావిరి మాటకి ఎదురు చెప్పిన వాళ్లు అంతవరకూ లేరు. ఆయన కుర్చీ వెనక్కి తోసి, వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. మెరియానా మూకుడు దించి కూతురి వంక చూసింది. ఇద్దరిలో ఎవర్ని సముదాయించాలో ఆమెకి తోచలేదు. అంతలోకే అనహేరా వాకిలి దాటి రోడ్డుకి అడ్డంగా పరుగెత్తింది. మెరియానా వెనకాలే వెళ్లింది.

హూరియా మామ్మ పెరట్లో బూట్లు వేసుకుని బంగాళదుంపలు తవ్వుతోంది. డెబ్బై ఏడేళ్ల మనిషి. ఒకప్పుడు ఆ తీరం బడి బస్సు ఆవిడే నడిపేది. బస్సు నడిపే తరగతి, జనాన్ని ఎక్కించుకునే అనుమతి, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఆ వీధి మొత్తానికి ఫుల్ లైసెన్సు ఉన్నది ఆవిడొక్కతికే. డ్రైవింగ్ నేర్చుకునే పిల్లలు ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడానికి బుట్టెడు ఆల్చిప్పలో, రొయ్యలో తెచ్చి గుమ్మంలో పెడతారు. అనహేరాకి స్టీరింగు తిప్పడం నేర్పిందీ ఆవిడే.

"వాడి చావుకి నేను రాను," అంది హూరియా తలెత్తకుండానే. "అది అడగడానికైతే వెనక్కి పో. మా నాన్న గుర్రాన్ని నాకు చెప్పకుండా అమ్ముకుతిన్నాడు వాడు."

"చావుకి రావద్దు మామ్మా. నా పక్కన కూర్చో, చాలు. అక్కడికెళ్లాక బండిలోనే ఉండు, దిగకు. నువ్వు రాకపోతే నాన్న బాబాయిని చూడలేడు."

హూరియా గునపం ఆపింది. "ఈ దారిలో పోలీసుని చూసి ఎన్నాళ్లయిందే? ఎవడు ఆపుతాడు నిన్ను?"

"ఎవరూ ఆపకపోవచ్చు. ఆపితే నా లైసెన్సు మీద మచ్చ పడుతుంది, ఫుల్ లైసెన్సు ఇంకా వెనక్కిపోతుంది. నేను అంబులెన్సు నడపాలి మామ్మా."

అది ఇంట్లోవాళ్లకి తెలిసిన కథే. రెండేళ్ల కిందట పక్కింటావిడకి పురిటినొప్పులు వచ్చిన నాడు ఊరి అంబులెన్సు షెడ్డులోనే ఉంది. నడిపేవాడే లేడు. బిడ్డ బతికింది గానీ, ఆ సాయంత్రం నుంచీ అనహేరా నోట ఇంకో మాట లేదు.

"అంతేనా?" అంది హూరియా.

అనహేరా వంగి ఒక దుంప ఏరింది. "అంతే కాదు. నిన్న ఒక్కదాన్నే వెళ్తుంటే మలుపులో ఆవు అడ్డొచ్చింది. ఆపగలిగాను. వెనకాల నాన్న అరుస్తూ, అమ్మ మాట్లాడుతూ ఉంటే ఆపగలిగేదాన్నో లేదో నాకు తెలీదు. నాకింకా అంత రాలేదు మామ్మా. రానిది వచ్చినట్టు ఎలా నటించను? బండిలో ఉండేది మా అమ్మానాన్నా."

మెరియానా వెనకాలే నిలబడి వింటోంది. తమకి ఎంత వచ్చో చెప్పుకునేవాళ్లని జీవితంలో చాలామందిని చూసింది. ఎంత రాదో ఇంత నిటారుగా నిలబడి చెప్పిన మనిషిని చూడడం ఇదే మొదలు. ఆ మనిషి తన కడుపున పుట్టింది.

హూరియా గునపం మట్టిలో గుచ్చి చేతులు దులుపుకుంది. "నలభై మంది కోతి పిల్లల్ని వెనకేసుకుని చూపు చెదరకుండా నడపడానికి నాకెన్నేళ్లు పట్టిందో! ఉండు, నల్లగౌను వేసుకొస్తాను. బండి దిగుతాననుకోకు. దారిలో ఎవరైనా చూస్తే బాగుండాలని వేసుకుంటున్నాను."

అలా బయల్దేరారు. ముందు సీట్లో హూరియా, వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని రావిరి, పక్కన మెరియానా. ఇరవయ్యేళ్లుగా స్టీరింగు ముందు తప్ప ఇంకెక్కడా కూర్చోని మనిషి కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. మొదటి మలుపు దగ్గర ఆయన కాలు అసంకల్పితంగా బ్రేకు తొక్కింది. అక్కడ బ్రేకెక్కడిది? మెరియానా చూసీ చూడనట్టు ఊరుకుంది.

అనహేరా తొందరపడలేదు. కొండ జారిన చోట, రాళ్లు ఇంకా తియ్యని చోట, మనిషి నడకలా పోనిచ్చింది. ఒకే బండి పట్టే వంతెన ముందు అవతల నుంచి దుంగల లారీ రావడం చూసి, తెల్లగీతకి ఇవతలే ఆగిపోయింది. నిజానికి దాటేసే వ్యవధి ఉంది. రావిరి అయితే దాటేసేవాడే. లారీ దగ్గరికొచ్చినప్పుడు మెరియానా చూసింది. దాని వెనక తగిలించిన బండి ఊగుతోంది, దుంగలు వంతెన కమ్మీని రాసుకుంటూ వస్తున్నాయి. మధ్యలో కలిసి ఉంటే చోటే లేదు. లారీ డ్రైవరు చెయ్యెత్తి దండం పెట్టినట్టు ఊపి వెళ్లాడు.

"గేరు తగ్గించి దిగు," అంది హూరియా, ఏమీ జరగనట్టు. రావిరి గట్టిగా ఊపిరి వదలడం మెరియానాకి వినిపించింది.

టికిటికిలో అందరూ కూడే చావడి, మరాయె ముందు జనం గుంపుగా నిలబడి ఉన్నారు. గుమ్మం దగ్గర ఆడవాళ్లు వచ్చినవాళ్లని పిలుస్తూ గొంతెత్తారు. ఆ పిలుపు గాలిలో సాగి సాగి వస్తోంది. "మీరు పొండి. నేనిక్కడే ఉంటాను," అంది హూరియా. వాళ్లు నాలుగడుగులు వేశారో లేదో వెనక బండి తలుపు చప్పుడైంది. ఆవిడ దిగింది. వచ్చి అనహేరా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తూనే నడిచింది.

శవపేటిక దగ్గరికెళ్లి తమ్ముడి మొహం చూసి, అక్కడున్న అందరూ వినేలా మొదలుపెట్టింది. "ఒరే గుర్రాల దొంగా! నీ చావుకి రానని ఒట్టేసుకున్నానురా. ఈ పిల్ల లైసెన్సు నన్నిక్కడికి లాక్కొచ్చింది. బడి బస్సులో మొదటి సీటు ఎప్పుడూ నీకే ఉంచేదాన్ని, గుర్తుందా? ఒక గుర్రం కోసం ముప్ఫయ్యేళ్లు పోగొట్టుకున్నాం కదరా, మొద్దు వెధవా..." ఏడ్చేవాళ్లు నవ్వారు, నవ్వినవాళ్లు ఏడ్చారు. హామి భార్య లేచి వచ్చి తమ పద్ధతిలో ఆవిడ ముక్కుకి ముక్కు ఆనించి చాలాసేపు వదల్లేదు.

మట్టి వేసి వచ్చాక భోజనాలు. భూమిలో ఉడికించిన మాంసం, చిలగడదుంపలు. బల్ల చుట్టూ రావిరి అన్నదమ్ముల వరసవాళ్లంతా చేరారు. వాళ్లకి పొద్దుటి సంగతి అప్పుడే చేరిపోయింది.

"ఏరా రావిరీ, వెనక సీట్లో వచ్చావటగా? చంటిపిల్లాడిలా బెల్టు పెట్టి కట్టేసిందా నీ కూతురు?"

"మా కుర్రాళ్లని నాలుగడుగులు బండిలో దింపమంటే కుదరదంది. ఏం పెంచావురా!"

మెరియానాకి భర్త మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు. రావిరి తింటున్న దుంప పక్కన పెట్టాడు.

"హూరియా అత్తని ఇక్కడికి తేవడానికి మనం ఎంతమందిమి ఎన్నిసార్లు వెళ్లాం?" అన్నాడు. "నేను బతిమాలాను, నువ్వు గొర్రెపిల్లని తీసుకెళ్లావు, ఫాదరు వెళ్లాడు. వచ్చిందా? ఈ పిల్ల ఒక్కమాట మీద నిలబడింది. ఆ మాట ముక్కుసూటిగా ఉంది కాబట్టి ఆవిడ వచ్చింది. ఏం పెంచానంటే, నేను పెంచలేదురా. దానికదే పెరిగింది." ఆపైన కొంచెం గొంతు తగ్గించి, "వంతెన దగ్గర నేనైతే పోనిచ్చేవాణ్ణి. మీరిప్పుడు నాకు కూడా మట్టి వేస్తూ ఉండేవాళ్లు," అన్నాడు.

ఒక తమ్ముడు మాంసం పళ్లెం రావిరి వైపు జరిపాడు.

వంటశాలలో అనహేరా గిన్నెలు కడుగుతోంది. రావిరి వెళ్లి ఎడమచేత్తో గుడ్డ తీసుకుని పళ్లేలు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన దానికంటే జారవిడిచిందే ఎక్కువ. ప్లేట్లు సర్దుతున్న మెరియానా తలుపు వెనకే ఆగిపోయింది.

"పొద్దున నీ మీద అరిచాను," అన్నాడు.

"నేనూ అనకూడని మాట అన్నాను నాన్నా. నీ లైసెన్సు ఏదీ అని. నీ మనసు అంత నొచ్చుకుంటుందనుకోలేదు."

"అనవలసిందే. ఇరవయ్యేళ్లుగా ఆ మాట ఎవరైనా అంటారేమోనని భయపడుతూ తిరిగాను. అనేశావు. ఇంక భయపడడానికేం మిగిలింది?" పళ్లెం పక్కన పెట్టి, కూతురి వైపు చూడకుండా అడిగాడు. "ఆ పరీక్ష పుస్తకం... లావుగా ఉంటుందా?"

అనహేరా సబ్బునీళ్లలోంచి చేతులు తీసింది. "నేను చదువుతాను, నువ్వు విను. రోడ్డు నీకు ముందే వచ్చు నాన్నా. అక్షరాలు నేను పట్టుకుంటాను." మిగతా మాటలు తండ్రి చొక్కాలో కలిసిపోయాయి.

ఆ చలికాలమంతా ఆ ఇంట్లో అదే చదువు. మెరియానా చిలగడదుంపల తొక్క తీస్తూ వింటుండేది. "నాలుగు రోడ్ల దగ్గర ఇద్దరూ ఒకేసారి వస్తే ఎవరు ఆగాలి?" "బుద్ధున్నవాడు." "నాన్నా!" "సరే సరే, కుడివైపు వాడికి దారివ్వాలి." రాత పరీక్ష ప్రశ్నలు చదివి వినిపించి అడుగుతామన్నారు ఆఫీసువాళ్లు. ఆ రోజు ఆయన చొక్కా తడిసి ముద్దైంది గానీ ఒక్క ప్రశ్నా పోలేదు. చేతి కట్టు విప్పాక బండికి కొత్త ఎల్ బోర్డు ఎక్కింది. నడివయసు మనిషి ఎల్ బోర్డు పెట్టుకుని, పక్కన ముసలి అత్తని కూర్చోబెట్టుకుని వీధిలో పోతుంటే మొదట్లో జనం ఈలలు వేశారు. తర్వాత ఇద్దరు ముగ్గురు మగవాళ్లు చీకటిపడ్డాక వచ్చి, "ఆ పుస్తకం మాక్కూడా చదువుతుందేమో అడుగు" అని మెరియానా చెవిలో వేసి వెళ్లారు.

రెండో మెట్టు పరీక్షలో మొదటిసారి తప్పాడు. ఆగమన్న గుర్తు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగలేదట. ఇంటికొచ్చి కోపంతో ఏమైనా విసురుతాడేమోనని మెరియానా భయపడింది. ఆయన కుర్చీలో కూలబడి, "ఇరవయ్యేళ్ల అలవాటు. మధ్యలో కొంచెం జారింది" అని తనే నవ్వేశాడు. మర్నాటి నుంచి వీధి చివర ఖాళీ రోడ్డు మీద, ఎవరూ లేకపోయినా ఆగి, లెక్కపెట్టుకుని, కదిలేవాడు.

రెండోసారికి అందరూ గిస్బోర్న్ వెళ్లారు. హూరియా పక్కన, తల్లీకూతుళ్లు వెనక. పరీక్ష పెట్టిన ఆఫీసరు దిగి ఆయన ఎడమచెయ్యి, కుడిచెయ్యి రెండూ పట్టుకుని ఊపడం దూరం నుంచే కనిపించింది. రావిరి కాగితాన్ని రెండుచేతులా పట్టుకొచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

హూరియా గిస్బోర్న్‌లోనే మనవడి ఇంట్లో నాలుగు రోజులు ఉండిపోతానంది. మెరియానా సంచీలు వెనక సీట్లో పెట్టబోతే రావిరి అడ్డుపడ్డాడు.

"మీరు ఎక్కొద్దు. పక్కన కూర్చోడానికి అత్త లేదు, అనహేరా ఉన్నా అదీ నాలాగే రెండో మెట్టు. తీరానికి వెళ్లే వ్యాను రెండింటికి ఉంది. టిక్కెట్లు కొన్నాను."

"నన్ను కూడానా?" అంది మెరియానా. "నీతో ఇరవయ్యేళ్లు తిరిగాను! ఆ కొండల్లో ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడరు. పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకోవడానికి రూలు కూడా అడ్డురాదు. అయినా వద్దు," అన్నాడు రావిరి. "అలసిపోయాను, పొద్దుట్నుంచి గుండె దడదడలాడుతోంది. ఇంత సంతోషంలో నా చేతుల మీద నాకే నమ్మకం లేదు. మీరిద్దరూ నా వెనక కూర్చుంటే నాకు భయం."

అనహేరా తండ్రిని చూస్తూ నిలబడిపోయింది. ఆ పిల్ల ఏడుపు ఆపుకోలేక నవ్వుతోందో, నవ్వు ఆపుకోలేక ఏడుస్తోందో మెరియానాకి తెలియలేదు.

వ్యాను బయల్దేరి ఊరు దాటాక, కొండదారిలో ముందు తమ బండి కనిపించింది. ఖాళీ సీట్లతో, గీతకి ఇవతలే, ఒకే తీరున పోతోంది. మలుపులో నెమ్మదిగా, తిన్నని చోట కొంచెం వేగంగా. వ్యాను డ్రైవరు కుర్రవాడు, విసుక్కున్నాడు.

"ఎవడీ పెద్దమనిషి? దారంతా అచ్చం పుస్తకంలో రాసినట్టు నడుపుతున్నాడు!"

వ్యానులో ఉన్నవాళ్లంతా తొంగిచూశారు. అనహేరా ముందుకి వంగి, డ్రైవరు సీటు వీపు పట్టుకుని, అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"మా నాన్న."

మెరియానా కిటికీ వైపు తిరిగి గౌను చేతితో కళ్లు తుడుచుకుంది. ముందు పోతున్న ఆ బండిని, ఇల్లు వచ్చేదాకా, చూపు తిప్పకుండా చూస్తూ కూర్చుంది.